నేను ఆగిపోలేదు

నేను ఒక ఫ్యాన్‌ని. ఇంటి కప్పుకు వేలాడే జాతి కాదు నాది. అరచేతి వెడల్పు, నాలుగు ప్లాస్టిక్ రెక్కలు, పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద తిరిగే చిన్న మోటారు, అంతే. నా మీద ఒక నింద పడింది. ఒక మనిషి కాలు నా వల్లే పోయిందన్నారు. ఆ మాట అన్నవాడి మీద నాకున్న పగ ఎలా తీరిందో చెప్పడానికే ఇప్పుడు నోరు విప్పుతున్నాను. వస్తువులకు పగలేమిటని మీరు అనుకోవచ్చు. మనుషుల మధ్య పదేళ్లు బతికి చూడండి, మీకే తెలుస్తుంది.

నన్ను లారీ డ్రైవరు మొహానికి గాలి కొట్టడం కోసం చేశారు. మాచర్ల నుంచి సిమెంటు మోసే లారీలో ఆరేళ్లు తిరిగాను. ఆ డ్రైవరు ఉక్కపోస్తే నన్ను తిట్టేవాడు, కునుకుపడితే గాలి మత్తుగా ఉందని మళ్లీ నన్నే తిట్టేవాడు. ఒక వేసవిలో నా లోపలి తీగ కాలిపోయింది. గురజాల బస్టాండు పక్కనున్న రీవైండింగు కొట్టులో నన్ను పడేసి, మళ్లీ వస్తానని పోయాడు. రాలేదు.

ఆ కొట్టు హెప్సిబాది. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. బోరు మోటార్లు, మిక్సీలు, పాలకేంద్రం పంపులు, ఏది కాలినా ఆమె ముందుకు రావాల్సిందే. "ఆడమనిషి చుట్టిన మోటారు ఎన్నాళ్లు తిరుగుద్దిలే" అంటూనే తెచ్చేవాళ్లు. ఆమె చుట్టిన మోటారును వాళ్ల ఎదుటే గంటసేపు తిప్పి చూపించి పంపేది. నన్ను కూడా అలాగే చుట్టింది. సన్నటి రాగితీగ వేళ్ల మధ్య నుంచి జారుతుంటే పెదవులు కదుపుతూ చుట్లు లెక్కపెట్టుకుంది.

నన్ను బాగుచేసింది ఆమె భర్త దేవసహాయం కోసం. ఆయన ఒక పాల సంఘం తరఫున పల్లెలు తిరిగి, ఎదకొచ్చిన గేదెలకు సూదిమందు వేసి చూలు నిలబెట్టేవాడు. గేదె ఎదకొచ్చిందని ఫోను వస్తే పూట దాటకుండా చేరాలి. ఆలస్యమైతే రైతుకు ఒక ఈత పోయినట్టే. ఆ మందు చెడకుండా ఉంచడానికి, తెల్లగా పొగలు కక్కే మహా చల్లని క్యాను ఒకటి బండి వెనక కట్టుకునేవాడు. ఆ బండి మాత్రం నిప్పుల కొలిమి. పాతకాలపు బరువైన మోటారుసైకిలు అది. దాని ఇంజనుకు నీళ్లు ఉండవు, చుట్టూ పలకల్లా ఉండే అల్యూమినియం పొరలకు గాలి తగిలితేనే వేడి దిగుతుంది. రోడ్డు మీద దౌడు తీస్తే పరవాలేదు. గొర్రెలమంద వెనకో, చేల గట్ల మీదో నడకవేగంతో పోతే గాలేదీ? పల్నాటి ఎండకు ఇంజను టకటకమని కొట్టుకుని దారిలో నిలబడిపోయేది. దేవసహాయం కుడి పిక్క మీద కాలిన బొబ్బ ఎప్పుడూ మానేది కాదు.

ఒక ఆదివారం ఆ బొబ్బకు మందు రాస్తూ హెప్సిబా అంది: "మనిషికి గాలాడకపోతే ఫ్యాను ఏస్తాం గదా. బండికెందుకు ఎయ్యం?"

మర్నాడే ఇనుప పట్టీ వంచి నన్ను ఇంజను పక్కన బిగించింది. ఎదురుగాలికి అడ్డం రాకుండా కాస్త పక్కకు జరిపింది. పాత కారులోంచి తీసిన స్విచ్చును ఆ పొరలకు ఆనించింది. ఇంజను వేడి ఒక మోతాదు దాటితే ఆ స్విచ్చు దానంతటదే కలుస్తుంది, నేను తిరుగుతాను. వేడి దిగితే విడిపోతుంది, నేను ఆగుతాను. తాళంచెవి తిప్పినంత మాత్రాన నేను తిరగను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

బండికి మామూలు మరమ్మతులు చేసేది చెంచురామయ్య. ముప్పయ్యేళ్ల షెడ్డు ఆయనది, ఊళ్లో అందరూ గురువుగారు అనేవాళ్లు. నన్ను చూడగానే పడీపడీ నవ్వాడు. "ఏందయ్యా దేవసహాయం, ఇంజనుకు ఫ్యానా? మీ ఆవిడ్ని ఎనక కూచుని ఇసనకర్ర ఊపమనకపోయావా!" షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు ఆ రోజే ఒళ్లు మండింది.

రెండు వేసవులు నేను ఆ ఇంజనును కాచాను. బండి ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు, పిక్క మీద బొబ్బ మానింది. సంగతి తెలిసి మరో నలుగురు హెప్సిబా దగ్గరికి వచ్చి ఫ్యాన్లు కట్టించుకున్నారు. తన నోటి నుంచి సలహా పుట్టకుండా ఊళ్లో బండ్లు చల్లబడటం చెంచురామయ్యకు నచ్చలేదు.

మూడో వేసవి, మే మొదటివారం. దేవసహాయం ఆయిలు మార్పించుకోవడానికి షెడ్డుకు వెళ్లి బయట టీ తాగుతున్నాడు. లోపల చెంచురామయ్య ఏం పోశాడో బండి పక్కనున్న నేను చూశాను. మూత తీసి ఉన్న కొత్త డబ్బా. అందులోంచి దిగింది మాత్రం నల్లగా, నీళ్లలా పలచగా ఉంది. ఊరి బండ్లలోంచి తీసిన మడ్డి ఆయిలును గుడ్డలో వడగట్టి, కిరసనాయిలు కలిపి, ఖాళీ కొత్త డబ్బాల్లో నింపేవాడు. నాకు నోరు లేదు. ఉన్నా వినేవాళ్లెవరు?

నేను బయటి వేడిని తీయగలను. లోపల ముక్కకూ ముక్కకూ మధ్య జారాల్సింది ఆయిలు. ఆ పని నా చేతిలో లేదు.

తొమ్మిదోరోజు దాచేపల్లి వైపు పల్లె నుంచి ఫోను వచ్చింది. మధ్యాహ్నం రెండు. మందల వెనక నడకవేగంతో పోయి పోయి, ఖాళీ రోడ్డు ఎక్కగానే దేవసహాయం వేగం పెంచాడు. ఇంజను ఒక్క కేక పెట్టి పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయింది. బండి ఈడ్చుకుంటూ పోయి ఆయన కుడికాలి మీద పడింది. క్యాను దొర్లి మూత ఊడింది, రోడ్డంతా తెల్లటి పొగ. ఆ పొగలో, ఆ మనిషి మూలుగు పక్కన, నేను తిరుగుతూనే ఉన్నాను. జనం వచ్చి ఆయన్ను ఆటోలో ఎక్కించేదాకా తిరిగాను. ఇంజను చల్లారాక, ఆగాల్సినట్టే ఆగాను.

సాయంత్రం బండిని షెడ్డుకు తెచ్చారు. చెంచురామయ్య పదిమంది ముందు తాళంచెవి తిప్పాడు. "చూశారా? తిరగట్లా. ఈ బొమ్మ ఫ్యాను చచ్చింది, పైగా వచ్చే గాలికి అడ్డంగా కూచుంది. ఇంజను మాడక ఏమవుద్ది? ఆడోళ్ల పెత్తనం ఇంతే" అన్నాడు. చల్లటి ఇంజను మీద నేను తిరగనని ఆయనకు బాగా తెలుసు. పట్టీ పీకి నన్ను పాత ఇనుము బుట్టలోకి విసిరాడు. నా రెక్క ఒకటి విరిగింది. తుప్పు బోల్టుల కింద పడుకుని ఆ మనిషి గొంతును రోజూ విన్నాను. వచ్చినవాళ్లందరికీ అదే కథ. నాకు చేతులుంటే ఏం చేసేదాన్నో చెప్పను.

ఆయన కథ ఊరంతా తిరిగింది. హెప్సిబా కొట్టుకు జనం రావడం మానేశారు. అనుమతి లేని పరికరం బండికి తగిలించి, క్యాను పోగొట్టాడని పాల సంఘం దేవసహాయాన్ని పనిలోంచి ఆపేసింది. మోకాలి కింద రెండుచోట్ల విరిగిన ఎముక వంకరగా అతుక్కుంది.

అయినా ఆ మనిషి ఆసుపత్రి మంచం మీద భార్యతో ఒకటే మాట చెప్పాడు. "నీ ఫ్యాను తిరగతానే ఉంది హెప్సీ. నేను కిందపడ్డాక గూడా నా చెవులారా విన్నా." నొప్పిలో ఏదో విని ఉంటాడని డాక్టరుతో సహా అందరూ కొట్టిపారేశారు. హెప్సిబా కొట్టిపారేయలేదు. షెడ్డుకొచ్చి బుట్టలో చెయ్యిపెట్టి నన్ను తీసుకుంది. కొట్టుకు తెచ్చి బ్యాటరీకి కలిపింది. విరిగిన రెక్కతో గడగడలాడుతూ తిరిగాను. అప్పుడు చూశాను ఆమె మొహం. ఏడుస్తుందనుకున్నాను. ఆమె పళ్లు బిగించింది. తర్వాత పోయి, షెడ్డు నుంచి ఇంటికి తోయించిన తమ బండి కింద బోల్టు విప్పి, దిగిన ఆయిలును వాసన చూసింది. కిరసనాయిలు. తొమ్మిది రోజుల ఆయిలు అలా ఉండదు.

రెండు నెలలు ఆగింది. కొత్త రెక్కలు తెచ్చి నాకు తొడిగింది. విచారణకు సంఘం మేనేజరు వీరభద్రం గారు వచ్చిన రోజు, నన్ను సంచిలో వేసుకుని, కర్రల మీద నడిచే భర్తను వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్లింది. చెంచురామయ్య అప్పటికే మేనేజరు ముందు తన కథ విప్పుతున్నాడు. చుట్టూ పాలుపోసే రైతులు ముప్పయిమంది ఉన్నారు.

"గురువుగారూ, మీ బండీ మా బండీ ఒకే రకం గదా" అంది హెప్సిబా. "మాకు పోసిన రకం డబ్బాలోదే, ఆ మూల మూత తీసున్న దాన్నే, మీ బండిలో పొయ్యండి. ఈ ఫ్యానూ, దాని స్విచ్చూ నేను కడతా. స్టాండు మీద పెట్టి గంటసేపు నడుపుదాం. ఫ్యాను ఆగిపోతే ఇయ్యాళే నా కొట్టు మూసేస్తా."

"నా బండిని పాడుచేసుకోటానికి నాకేమన్నా పిచ్చా?" అన్నాడు చెంచురామయ్య.

వెనకనుంచి ఒక ముసలి రైతు మెల్లగా అన్నాడు: "మంచి ఆయిలే అయితే పాడెందుకవుద్ది రామయ్యా?"

అందరూ చెంచురామయ్య వైపు తిరిగారు. ముప్పయ్యేళ్ల గురువుగారికి వెనక్కి తగ్గే దారి లేకపోయింది. పోశాడు.

ఎండలో బండిని నిలబెట్టి సగం వేగంతో నడిపారు. వేడెక్కగానే స్విచ్చు కలిసింది, నేను తిరిగాను. ఆ ఇంజను నాకేం అపకారం చేయలేదు. అది చావబోతోందని నాకు తెలుసు. అయినా నా పని నేను చేశాను, నా జీవితంలో ఎన్నడూ చేయనంత నిజాయితీగా. ఒక్క క్షణం తడబడినా ఆ మనిషికి సాకు దొరికేది. నేను ఇవ్వలేదు. పది నిమిషాలు, ఇరవై. చెంచురామయ్య నుదుటి చెమట తుడుచుకుంటూ నన్నే చూస్తున్నాడు, ఆగిపోవాలని మొక్కుకుంటున్నట్టు. ముప్పై నిమిషాలకు లోపల కటకటమని చప్పుడు మొదలైంది. "ఇంక చాల్లే, ఆపండి" అని ముందుకు వచ్చాడు. హెప్సిబా అడ్డంగా నిలబడింది. "గంటన్నాం." నలభయ్యో నిమిషాన ఇంజను కేకపెట్టి పట్టేసింది.

ఇంజను మోత ఆగాక వినిపించింది నేనొక్కదాన్నే, గిర్రున తిరుగుతూ. దేవసహాయం కర్రల మీద వాలి కళ్లు మూసుకుని విన్నాడు. "అదిగో" అన్నాడు. "ఆ రోజు ఇన్నది ఈ చప్పుడే."

మేనేజరు ఆయిలు దింపించి న్యూసుపేపరు మీద రెండు చుక్కలు వేశారు. నల్లటి మడ్డి మధ్యలో నిలిచి, చుట్టూ కిరసనాయిలు తడి పాకింది. ఆ కాగితాన్ని మడిచి ఫైల్లో పెట్టుకున్నారు. మర్నాటికల్లా రైతులు తమ బండ్లను షెడ్డు నుంచి తోలుకుపోయారు. దేవసహాయానికి పల్లెలు తిరిగే పని ఇక కుదరదు. సంఘం ఆఫీసులో కూర్చుని రికార్డులు రాసే పని ఇచ్చారు.

ఆ రోజు ఇంటికి వస్తుంటే ఆయన అడిగాడు, "నీ కసి తీరిందా?"

"బండి పట్టేసినప్పుడు తీరింది" అంది హెప్సిబా. కొంతదూరం నడిచాక మళ్లీ అంది: "మీ కర్రల చప్పుడు ఇంటే తీరలా."

నాకూ తీరలేదు. చెంచురామయ్య నోటితో ఒక్కమాట కూడా ఒప్పుకోలేదు కదా.

మరుసటి వేసవిలో ఒక ఉదయం ఆయనే కొట్టు ముందు నిలబడ్డాడు. భుజం మీద చక్రాలకు గాలికొట్టే యంత్రం మోటారు. మిగిలిన కాస్త పనికీ అదే ఆధారం, అది కాలిపోయింది. చుట్టుపక్కల దాన్ని చుట్టగలిగింది హెప్సిబా ఒక్కతే. "అమ్మా, కాస్త చూడు" అన్నాడు తలెత్తకుండా.

"చూస్తా. ముందు ఫ్యాను ఆగిపోయిందని ఎంతమందికి చెప్పావో వాళ్లందరికీ ఆగలేదని చెప్పిరా. మోటారు ఇక్కడ పెట్టు. నువ్వు వచ్చాకే చెయ్యేస్తా."

ఆయన మోటారును నేల మీదికి దించాడు. తర్వాత వెళ్లాడు. టీకొట్టు నుంచి ఎరువుల కొట్టుకు, అక్కడి నుంచి పాలకేంద్రానికి, ఎండలో తల మీద తువ్వాలు వేసుకుని తిరగడం బల్ల మీద నుంచి నాకు కనిపించింది. మధ్యాహ్నానికి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. "చెప్పానమ్మా. అందరికీ" అన్నాడు. ఆ వెనకే వచ్చిన టీకొట్టు మనిషి ఔనని తలూపాడు.

హెప్సిబా పనికి కూర్చుంది. పాత తీగ లాగేసింది, కొత్త తీగ చుట్టింది, పైన వార్నీషు పూసింది. ఆయన చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. చివరికి నా వైపు చూసి అన్నాడు: "ఆ ఫ్యాను కాస్త ఎయ్యమ్మా. పేణం పోతాంది."

ఆమె నన్ను బ్యాటరీకి కలిపింది. తడి వార్నీషు ఆరడానికి, నన్ను మోటారు వైపు తిప్పి పెట్టింది. సాయంత్రందాకా తిరిగాను. నా గాలి ఒక్క వీసం కూడా ఆ మనిషి వైపు పోనివ్వలేదు.