పల్లెపాలెం లోవమ్మ గొంతు

ప్రతి సోమవారం మధ్యాహ్నం ఓపీ అయిపోయాక నూకయ్య వచ్చేవాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, తుండుతో మొహం తుడుచుకుని, ఫోను గదిలో బల్ల చివర కూర్చునేవాడు. సిస్టర్ నిర్మల కంప్యూటర్లో ఆ రికార్డు వెతికి, హెడ్‌ఫోను అతని చేతికిచ్చేది. నిమిషం నలభై సెకన్లు. అయిపోయాక "వస్తానండి సిస్టరమ్మగారూ" అని వెళ్లిపోయేవాడు.

నూకయ్య రొయ్యల చెరువుల మీద కాపలాదారు. ఆ వేసవిలో అతని భార్య లోవమ్మ పొయ్యిలోకి ఎండిన కొబ్బరి డొక్కలు తీస్తుంటే పాము కరిచి చనిపోయింది. ఆమె ఫొటో ఒకటుంది, రేషన్ కార్డు మీద. గొంతు మాత్రం ఈ ఆసుపత్రి కంప్యూటర్లో తప్ప ఎక్కడా లేదు. పెద్దకర్మ అయ్యాక వచ్చి, ఆ గొంతు వినిపించమని అడిగితే డాక్టర్ కొండలరావుగారు కాదనలేకపోయారు.

ముమ్మిడివరం దాటాక కాలువ గట్టునున్న ఆ చిన్న ట్రస్టు ఆసుపత్రికి 2006లో కొత్త పద్ధతి వచ్చింది. ఆపదలో ఎవరు ఫోన్ చేసినా కంప్యూటర్ రికార్డు చేస్తుంది. ఊరి పేరు కొడితే జాబితా వస్తుంది. అందులోంచి ఒకటి ఎంచుకుంటే అంబులెన్సు డ్రైవరు సాయిబాబు చేతికి దారితో సహా చీటీ అచ్చయి వస్తుంది. దానివల్ల పదిమంది బతికారని అందరూ చెప్పుకునేవారు. అది నిజమే.

జాబితాలో పల్లెపాలేలు రెండున్నాయి. ఒకటి సముద్రం వైపు, రెండోది గోదావరి రేవు దగ్గర. లోవమ్మ ఎదురింటి ఫోను నుంచి చేసింది. "రేవు పక్క పల్లెపాలెమండి" అన్న మాట రికార్డులో స్పష్టంగా వినబడుతుంది. వెంటనే మీట నొక్కిన చప్పుడు. ఆ తర్వాత నిర్మల గొంతు. "ఆయ్, బండి బయల్దేరుతుందమ్మా. కాలు కదపకుండా కూర్చోండి."

నిర్మల నొక్కింది జాబితాలో పైనున్న ఊరు. అది సముద్రం వైపుది. బండి అక్కడికెళ్లి, ఇల్లిల్లూ అడిగి, వెనక్కొచ్చి రేవు చేరేసరికి గంట దాటింది. ఆసుపత్రి గేటు కనబడుతుండగా లోవమ్మ ఊపిరి ఆగింది. బండి దారి తప్పిందన్నారు అందరూ. రికార్డు ఎవరూ వినలేదు, నిర్మల తప్ప. తర్వాత నూకయ్య.

అప్పట్నుంచి ఫోనెత్తితే చాలు, అవతలి మనిషి కంటే ముందు లోవమ్మ పలికేది. ఎవరో కూతురికి నొప్పులొస్తున్నాయని చెబుతుంటే, ఆ మాటల వెనక "రేవు పక్కండి" అని వినబడేది. చర్చిలో కళ్లు మూసుకుంటే మీట చప్పుడు. సోమవారాల్లో నూకయ్య వింటున్నంతసేపూ నిర్మల అతనికి వీపు పెట్టి మందుల బీరువా సర్దుతూ లోలోపల సెకన్లు లెక్కపెట్టేది. మీట చప్పుడు వచ్చే ముప్పయ్యో సెకను దగ్గర కుర్చీ కిర్రుమంటుందేమోనని చెవులు రిక్కించేది. ఎప్పుడూ కిర్రుమనలేదు.

ఆర్నెల్లకి కాకినాడ నుంచి కంప్యూటర్ చూసే మనిషి వచ్చాడు. డిస్కు నిండిపోయింది, పాతవి తీసెయ్యాలన్నాడు.

"ఇదొక్కటే ఇన్నిసార్లు తెరిచేరేంటండీ? ఉంచాలా, తీసెయ్యమంటారా?"

తీసెయ్యండన్న మాట నిర్మల నాలుక చివరిదాకా వచ్చింది. అతని వేలు మీట మీదే ఉంది. ఆ వేలు చూసి ఆమె గబుక్కున మాట మార్చింది.

"ఉంచండి. సీడీలోకి కూడా ఎక్కించివ్వండి."

సాయంత్రం ఆ సీడీ పట్టుకుని డాక్టరుగారి గదిలోకి వెళ్లింది. ఆయన మొత్తం విన్నారు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నేనూ ముందే వినాల్సిందమ్మా," అన్నారు. "అతనికి చెప్పాలి. నన్ను చెప్పమంటావా?"

"వద్దండి. నేనే చెబుతాను."

ఆ వారంలోనే జాబితా మార్చారు. ప్రతి ఊరి పేరు పక్కనా రేవో, వంతెనో, గుడో చేర్చారు.

సోమవారం నూకయ్య వచ్చి కూర్చున్నాడు. నిర్మల హెడ్‌ఫోను ఇవ్వలేదు. ఎదురుగా కూర్చుంది.

"నూకయ్యగారూ, మీ ఆవిడ ఊరు సరిగ్గానే చెప్పింది. బండిని వేరే ఊరికి పంపింది నేను."

అతను తుండు మడత పెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మొదటిరోజే విన్నానండి," అన్నాడు. "మీరు అటు తిరిగి నిలబడ్డప్పుడే అనుకున్నాను, మీకూ తెలుసని."

"మరి ఒక్కమాటా అనలేదే?"

"అందామనే వచ్చేనండి మరుసటి సోమవారం. ముందోసారి విందామనుకున్నాను. విన్నాక నోరు పెగల్లేదు. పై వారమూ అంతే."

నిర్మల సీడీ అతని ముందు పెట్టింది. అతను దాన్ని ముట్టుకోలేదు.

"వద్దండి. ఇంక వినడానికి రానని చెప్పిపోదామనే వచ్చేను ఇవాళ. మా ఇంటిది గట్టిగా అరిచే మనిషండి. కేకేస్తే చెరువు గట్టుదాకా వినబడేది. ఇప్పుడు కల్లోకొచ్చినా మెల్లిగా, అండీ అండీ అంటూ, ఈ ఫోనులో మాటాడినట్టే మాటాడుతోంది. నన్నెప్పుడూ అండీ అన్లేదది. అసలు గొంతు ఎలా ఉండేదో గుర్తు రావట్లేదండి. ఇది వినీ వినీ పోగొట్టుకున్నాను."

నిర్మల సీడీ వెనక్కి తీసుకుంది. "నన్ను..." అని ఆగిపోయింది.

"క్షమించేనని చెప్పలేనండి. అబద్ధమవుతుంది." అతను లేచాడు. "మిమ్మల్ని తిట్టుకోవడం మాత్రం మానేసి చాన్నాళ్లయింది."

అతను కాలువ గట్టెక్కి కనుమరుగయ్యేదాకా నిర్మల కిటికీ దగ్గరే నిలబడింది. చెప్పేస్తే గుండె తేలికపడుతుందనుకుంది. గదిలో ఫోను మోగింది. అవతల ఎవరో పెద్దాయన, తమ్ముడికి గుండెల్లో నొప్పంటున్నాడు. ఆమె ఊరి పేరు రెండుసార్లు అడిగి, తెర మీదున్నది ఆయనకే చదివి వినిపించి, అవునన్నాకే మీట నొక్కింది. సాయిబాబు చీటీ అందుకుని బండి తీశాడు.

పెద్దాయన ఫోను పెట్టేశాడు. నిర్మల చెవిలో లోవమ్మ మాత్రం ఇంకా మాట్లాడుతూనే ఉంది.