మూడో షెడ్డుకి మేత

మూడో షెడ్డులో కోళ్లు ఒకదాన్నొకటి తింటున్నాయి.

ఆ ఫారంలో కూలిపని చేసే నెలిమా గడప దగ్గరే ఆగిపోయింది. మామూలుగా ఆ తలుపు తీస్తే చెవులు దిబ్బళ్లు పడేంత గోల. ఇప్పుడు అరిచే ఓపిక కూడా వాటికి లేదు. ఒక కోడి కూలబడితే పక్కది వచ్చి తోక దగ్గర పొడుస్తోంది. కూలబడ్డది తల తిప్పి చూస్తోంది. అంతే, లేవడం లేదు.

నైరోబీ హోటళ్లు ఆర్డర్లు ఆపేశాయట. అమ్ముడుపోని కోడికి మేత దండగని పైవాళ్లు తేల్చారు. ఆ ఊపులోనే కూలీలకి మధ్యాహ్నం పెట్టే ఉగాలి, ఆ మొక్కజొన్న సంకటి కూడా దండగని తేల్చారు. గోదాములో మాత్రం మేత బస్తాలు పైకప్పు దాకా ఉన్నాయి. వాటిని కొనే పార్టీ దొరికింది, కోళ్లను కొనే పార్టీ దొరకలేదు. కంపెనీ ప్యాకెట్ల మీద ఇప్పటికీ పచ్చగడ్డిలో ఒక కోడి నవ్వుతూనే ఉంది. కోడి నవ్వడం నెలిమా ఆ బొమ్మలో తప్ప ఇంకెక్కడా చూడలేదు.

"తలుపెయ్యి," అన్నాడు సూపర్‌వైజర్ సిమియు. "నువ్వు చూస్తే వాటి కడుపు నిండుద్దా?"

"మేత ఎప్పుడిస్తారన్నా?"

"మేనేజర్‌ని అడుగు. అడిగేటప్పుడు నా పేరు మాత్రం ఎత్తకు."

మర్నాడు పొద్దున నెలిమా ఇంట్లోంచి మొక్కజొన్న గింజలు కొంగున మూటగట్టుకొచ్చింది. వాళ్ల ఊళ్లో ప్రతి ఇంటి ముందూ జరిగేదే. పిడికెడు గింజలు చల్లి కూకూ అంటే పెరట్లో కోళ్లన్నీ పరిగెత్తుకొస్తాయి. తలుపు పక్కన నిలబడి ఆమె అలాగే చల్లింది, అలాగే పిలిచింది.

షెడ్డు మొత్తం కదిలింది. ఆ చివరున్నవి కూడా వచ్చాయి. ముందున్నవాటి మీదికి వెనకవి, వాటి మీదికి ఇంకొన్ని ఎక్కాయి. మూలన కోళ్ల గుట్ట లేచింది. నెలిమా అరుస్తూ రెండు చేతులా లాగిపడేసింది. ఒకదాన్ని లాగితే పది ఎక్కాయి. కోళ్లు పట్టే ముకోయా, ఇంకొందరు వచ్చి గుట్టను విడదీసేసరికి అడుగున ఉన్నవన్నీ చచ్చిపోయి ఉన్నాయి. ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

మేనేజర్ ఓదుయా ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"ఎవరి పనిది?"

ఎవరూ నోరు విప్పలేదు.

"సరే. అన్నీ ప్యాకింగ్‌కి పంపండి. సాసేజీలో వేసేద్దాం. మసాలా కాస్త దట్టించమనండి."

ప్యాకింగ్‌లో పనిచేసే ముసలామె నబ్వీరే ముందుకొచ్చింది. "కోసినవి కావు సార్ ఇవి. ఊపిరాడక చచ్చినవి."

"సాసేజీకి ఊపిరెందుకే ముసలీ?"

ఆ సాసేజీలు అమ్మేది పక్క టౌను వెబుయే బస్టాండులో. బడి వదలగానే పిల్లలు ఎగబడేది వాటి మీదే.

మధ్యాహ్నం తినడానికి ఏమీ లేదు కాబట్టి అందరూ నీళ్ల ట్యాంకు వెనక చేరారు. చచ్చిన కోళ్లని సాసేజీకి పోనివ్వొద్దని, గోదాము తెరిచి బతికున్నవాటికి మేత పోద్దామని నబ్వీరే అంది.

"కోళ్ల కోసం ఉద్యోగాలు పోగొట్టుకుందామా?" అన్నాడు ముకోయా. "అవేమన్నా మన మేనత్త కూతుళ్లా?"

"చుట్టం ఇంటికొస్తే ఏం కోసి పెడతావురా?" అంది నబ్వీరే.

"కోడినే."

"ఆ చచ్చినదాన్ని పెడతావా? బస్టాండులో తినే పిల్లలు ఎవరి చుట్టాలు?"



"గోదాము తాళం మీద చెయ్యేస్తే దొంగతనం కేసే," అన్నాడు సిమియు. "స్టేషనోళ్లకి మన పేర్లు తెలీవు. ఓదుయా సార్ పంపే కోడి రుచి మాత్రం బాగా తెలుసు."

నెలిమా లేచింది.

"వాటిని చంపింది నేను. మీరంతా నా కోసం నోరు మూసుకున్నారు. పొద్దుట్నుంచీ అదే ఆలోచిస్తన్నా. జాలిపడి ఒక్కదాన్నే, ఒక్క చోటే, ఒక్క పిడికెడు వేశా. ఆకలి మీదున్నవాటి మధ్య పిడికెడు వేస్తే అంతే, తొక్కి చంపుకుంటాయి. మిషనైతే తొట్లన్నిట్లోకీ ఒక్కసారే పోస్తది. ఇప్పుడు మిషను గదికి తాళం. చేతుల్తోనైనా అట్టాగే పొయ్యాలి. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, ఒక్కసారే."

"ఎంతమంది కావాలే?" అంది నబ్వీరే.

"అందరూ కావాలి."

సిమియు మేనేజర్‌కి చెప్పడానికి ఆఫీసు వైపు పరిగెత్తాడు. అందరూ చూశారు. ఇక ఆలోచించే తీరిక లేదు. ముకోయా గడ్డపార అందుకున్నాడు. తాళం ఊడిపడింది. బస్తాలు చేతులు మారుతూ వచ్చాయి. ప్యాకింగ్ ఆడవాళ్లు చచ్చిన కోళ్ల మీద కిరసనాయిలు గుమ్మరించారు, ఇక ఏ మసాలా ఆ వాసనని దాచలేదు. మిగతావాళ్లు షెడ్డు పొడవునా తొట్ల పక్కన బారులు తీరారు. కోళ్లు కాళ్లకి తగులుతున్నా ఎవరూ ముందుగా ఒక్క గింజ కూడా పడనివ్వలేదు.

"పొయ్యండే!" అని నబ్వీరే కేకేసింది.

కోళ్లు ఎక్కడివక్కడే తలలు వంచాయి. ఏదీ దేని మీదికీ ఎక్కలేదు. లేవలేని కోడి ముక్కు ముందు నెలిమా దోసిలి పట్టింది. అది ఒక గింజ తీసుకుంది. ఇంకొకటి తీసుకోకుండానే మెడ వాల్చేసింది.

వ్యాను వచ్చింది. ఇన్‌స్పెక్టరు దిగుతూనే, "దొంగెవరు?" అన్నాడు.

"సొమ్ము ఎక్కడికీ పోలేదు సార్," అంది నెలిమా. "వాటి కడుపుల్లో ఉంది. కోసి లెక్క చూసుకోండి."

నెలిమా చెంప పగిలింది. సంకెళ్లు పడ్డాయి. "తాళం పగలగొట్టింది నేను," అంటూ ముకోయా తనే వ్యాను ఎక్కాడు. నెలిమా కూడా ఎక్కి మూడో షెడ్డు వైపు చూసింది. రేపు మళ్లీ ఆకలేస్తుంది వాటికి. రేపు ఎవరు పోస్తారు? గోదాముకి కొత్త తాళం తెమ్మని ఓదుయా అరుస్తున్నాడు. తాళం తెచ్చే మనిషి మాత్రం కదల్లేదు. బస్తాలు గోదాములోంచి బయటికి పోతూనే ఉన్నాయి.

వ్యాను గేటు దాటుతుండగా రెండో షెడ్డులోంచి నబ్వీరే గొంతు మళ్లీ వినిపించింది.

"ఏంట్రా ఆ కేక?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"భోజనాల వేళ సార్," అన్నాడు ముకోయా.

లాఠీ మూతి మీద పడింది. ముకోయా రక్తం ఉమ్మి కిటికీ జాలీలోంచి వెనక్కి చూశాడు. నెలిమా కూడా అటే చూసింది. మొదటి షెడ్డు తలుపు ఇంకా మూసే ఉంది. దాని ముందు బస్తాలు మోసుకుని జనం నిలబడి ఉన్నారు.