ఎడమ భుజం మీది ఇసుక

మధ్యాహ్నం బెల్లు మోగగానే ఆ కుట్టుపని షెడ్డులో మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోతాయి. ఆ చప్పుడు ఆగాక కాసేపు చెవులు గుయ్‌మంటాయి. బడిపిల్లల యూనిఫాములు కుట్టే షెడ్డు అది. కత్తిరింపు బల్ల మీది గుడ్డలు పక్కకి జరిపి, అందరూ దాని చుట్టూ చేరి డబ్బాలు విప్పుతారు. మొదటి ముద్ద నోట్లో పడకముందే కబుర్లు మొదలవుతాయి. ఆ కబుర్లు చాలావరకు సినిమాలవీ, సీరియళ్ళవీ. ఏది బాగుంది, ఏది దండగ, ఏది చూడకపోతే జన్మ వృథా అన్నవే.

ఆ షెడ్డులో ఒక నియమం ఉంది. ముందు దులుపు, తర్వాత చెప్పు.

మనసుపెట్టి చూసినవాళ్ళ ఒంటిమీద ఆ సినిమాదేదో ఒకటి మిగులుతుంది కదా. వానపాట ఉంటే తడి, ఎడారి ఉంటే ఇసుక, కొట్లాటలుంటే మసి. స్నానం చేసినా బట్టల మడతల్లో మర్నాటిదాకా ఉంటుంది. నిద్రపోయినవాళ్ళకీ, ఫోను చూసుకుంటూ కూర్చున్నవాళ్ళకీ ఏమీ అంటదు. అందుకే చూడని సినిమా గురించి మాట్లాడేవాళ్ళ ఆటలు అక్కడ సాగవు. మంచి నియమమే. చూడనిదాన్ని పొగడ్డం ఎంత తప్పో, తిట్టడమూ అంతే తప్పు.

ఆ రోజు ముందుగా ఇస్త్రీ బాబాయి లేచి చొక్కా దులిపాడు. నల్లటి మసి రాలింది.

"చూడకండర్రా. బాంబులు తప్ప కథ లేదు. మా ఆవిడ దుప్పటి కూడా పాడైంది."

బొత్తాలు కుట్టే పిన్ని లేవనే లేదు. ఆమె రవిక భుజం ఎప్పుడూ తడిగానే ఉంటుంది. సాయంత్రం సీరియల్లో అత్తగారు రోజూ ఏడుస్తుంది మరి.

"ఇవాళ కోడలికి నిజం తెలుస్తుంది. తప్పక చూడండి," అంది పిన్ని.

"పోయిన ఏడాది నుంచీ ఇవాళే తెలుస్తోంది ఆ కోడలికి," అన్నాడు బాబాయి. అందరూ నవ్వారు.

కాజాలక్క నవ్వలేదు. నవ్వడానికి ముందు, నవ్వాల్సిన విషయమేనా అని చూసుకునే మనిషి ఆమె. చొక్కాలకి కాజాలు కుడుతుంది. ఆమె కుట్టిన కాజాలోంచి బొత్తాం దానంతటది జారిన దాఖలా లేదు. అమ్మానాన్నలు పోయాక చెల్లెల్ని తనే పెంచింది. కూరగాయల దగ్గర్నుంచి మనుషుల దాకా దేన్నయినా తిరగేసి చూడందే ఇంట్లోకి రానివ్వదు. తప్పులేదు, మగదిక్కు లేని కొంప. కానీ తిరగేయడమే అలవాటైపోతే బోర్లించిందేదో వెల్లకిలాదేదో తెలియకుండా పోతుంది.

"మాస్టారూ, మీ వంతు," అంది చెల్లెలు. ఆ పిల్ల కాలర్లు కుడుతుంది. ఆ మాట అనేటప్పుడు గొంతు కొంచెం మెత్తబడింది. బల్ల చుట్టూ అందరూ డబ్బాల్లోకి చూసుకున్నారు.

కటింగ్ మాస్టరు లేచి ఎడమ భుజం దులిపాడు. సన్నటి ఇసుక జలజలా రాలింది.

"బాగుంది. తప్పకుండా చూడండి. అందులో ఒక గుర్రం ఉంటుంది. తెల్లది. దాన్ని అమ్మేస్తారు. కానీ ఏం భయం లేదు, చివర్లో ఇంటికొచ్చేస్తుంది."

"హీరోయిన్ ఎవరు?" అంది పిన్ని.

మాస్టరు తడుముకున్నాడు. "ఉంది, ఒకావిడ. గుర్రానికి బెల్లం పెడుతుంది."

ఆయన ఏ సినిమా గురించి చెప్పినా అంతే. ఆ ముందు వారం దొంగల సినిమా చూసొచ్చి, కుక్కకి దెబ్బ తగిలింది కానీ బతికిందని చెప్పాడు. దొంగలు దొరికారో లేదో చెప్పలేదు. ఆడవాళ్ళందరికీ ఆయన చెప్పే తీరు ముద్దుగా ఉండేది. ఆయన చెప్పిన సినిమాలకే వెళ్ళేవాళ్ళు.

కాజాలక్క చూపు కింద పడ్డ ఇసుక మీదే ఉంది. మొన్న పూలరేకులు రాలాయి, ఎడమ భుజం మీదనుంచే. అంతకుముందు మంచు, అదీ ఎడమ భుజమే. ఎడారంతా తిరిగొచ్చిన మనిషికి కుడిభుజం మీద ఒక్క రేణువైనా ఉండదా?

*

"అక్కా, మా పెళ్ళికి ఆదివారం మాస్టారికి మాట ఇవ్వాలి," అంది చెల్లెలు ఇంట్లో, గిన్నెలు తుడుస్తూ.

"ఆ మనిషి అబద్ధాలకోరు."

"ఏం అబద్ధం ఆడాడు?"

"అది తెలిస్తే ఇంతసేపు ఊరుకుంటానా? ఆ సినిమాలు ఆయన చూసినవి కావు. పక్కన ఇంకెవరో కూర్చుని చూస్తున్నారు. ఆ మనిషి తల ఆయన ఎడమ భుజం మీద ఉంటోంది. ఆ తల మీదనుంచి రాలినవే అవన్నీ."

చెల్లెలి చేతిలో గిన్నె ఆగింది. మళ్ళీ కదిలింది.

"పోయినసారి ఆ టీచరు సంబంధం ఎందుకు వద్దన్నావో గుర్తుందా? చేతిరుమాలు ఇస్త్రీ మడత నలక్కుండా జేబులో పెట్టుకున్నాడని. అంత శుభ్రమైన మనిషి ఏదో కడుక్కుంటున్నాడన్నావు. ఇప్పుడాయన పెళ్ళాంతో హాయిగా ఉన్నాడు. మొన్న బజార్లో కనిపించాడు. రుమాలు ఇంకా అలాగే ఉంది."

"నీ మంచికే..."

"నా మంచి కోసం నన్ను ఇంట్లో పెట్టి తాళం వేస్తున్నావక్కా. ఈసారి ఊరికే అనుమానమని కాదంటే ఒప్పుకోను. ఆయన చెయ్యి పట్టుకుని వెళ్ళిపోతాను. నీ గడప మళ్ళీ తొక్కను."

కాజాలక్క తుడిచిన గిన్నె ఒకటి తీసి మళ్ళీ తిరగేసి చూసింది. పెంచిన చెయ్యి కదా. మాట ఇస్తే పిల్ల గొయ్యిలో పడుతుందేమో. ఇవ్వకపోతే పిల్లే ఉండదు.

"సరే," అంది చివరికి. "ముగ్గురం కలిసి ఒక సినిమాకి వెళ్దాం. నా కళ్ళతో నేను చూస్తాను."

"సినిమానేనా, ఆయన్నా?"



*

శనివారం మొదటి ఆటకి వెళ్ళారు. మాస్టరు గేటు దగ్గర ఎదురొచ్చాడు.

"రండి వదినా, జాగ్రత్త, మెట్టుంది."

"వదిన ఇంకా కాలేదు," అంది కాజాలక్క.

లోపల చల్లగా ఉంది. శాలువా భుజాల చుట్టూ బిగించుకుని, మాస్టరు మొహం కనబడేలా ఒక పక్కకి తిరిగి కూర్చుంది. అది వానల సినిమా. తెర మీద నది పొంగుతోంది, ఊళ్ళు మునుగుతున్నాయి, జనం ఊపిరి బిగబట్టారు. కాజాలక్క మాత్రం రెప్పవేయకుండా మాస్టరునే చూసింది. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు కూడా అంత గురిగా చూసి ఉండదు.

మాస్టరు సినిమా చూడలేదు. కాసేపు తలుపు వైపు చూశాడు. కాసేపు ముందు వరసలో సీటెక్కి నిలబడ్డ ఒక చిన్నపిల్ల వైపు చూశాడు. ఫోను తీసి చూసి, మళ్ళీ జేబులో పెట్టాడు. ఎవరికోసమో ఎదురుచూస్తున్న మనిషి చూపులవి. కాజాలక్క గుండె గట్టిపడింది. దొరికావు, అనుకుంది.

బయటికొచ్చాక చెల్లెలి జడ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎర్రబడ్డాయి, మొహం మాత్రం వెలుగుతోంది. మాస్టరు ఒంటిమీద ఒక్క చుక్క లేదు.

"నిద్ర పట్టేసింది," అన్నాడు తలదించుకుని.

"కళ్ళు తెరుచుకునే నిద్రపోతారా మీరు?" అంది కాజాలక్క.

చెల్లెలు అక్క శాలువా చివర పట్టుకుని చూసింది. ఎండలో ఆరేసిన గుడ్డలా పొడిగా ఉంది.

"నువ్వూ చూడలేదు. నీమీదా ఒక్క చుక్క పడలేదు. ఇంక దీని గురించి మాట్లాడే హక్కు నీకు లేదు," అనేసి బస్టాపు వైపు నడిచింది.

*

ఆర్డరు ఆలస్యమైందని ఆ ఆదివారం కూడా షెడ్డు తెరిచారు. మధ్యాహ్నం బల్ల చుట్టూ చేరాక చెల్లెలు నిన్నటి చున్నీ తెచ్చి విదిలించింది. వాన కురిసినట్టే కురిసింది. బాబాయి తన డబ్బా మీద మూత పెట్టేసుకున్నాడు.

"అందరూ చూడండి. ఏడుపొస్తే ఏడవండి. ఏడ్చాక ప్రాణం తేలికపడుతుంది."

"మాస్టారూ, మీరేమంటారు?" అంది పిన్ని.

"నేను నిద్రపోయానండీ."

"నిద్రపోలేదు!" కాజాలక్క లేచి నిలబడింది. "అందరిముందూ చెబుతున్నాను. ఆ మనిషి..."

"ఆగాగు," అన్నాడు బాబాయి. "ముందు దులుపు, తర్వాత చెప్పు. ఈ షెడ్డులో ఆ నియమం పట్టుపట్టి పెట్టింది నువ్వే కదమ్మా."

"దులపడానికి ఏముంది ఆవిడ దగ్గర? కట్టెపుల్లలా ఎండిపోయి వచ్చిందట," అని కిసుక్కుమంది పిన్ని.

కాజాలక్కకి రోషం వచ్చింది. భుజమ్మీది శాలువా లాగి, చాకలి బండ మీద బాదినంత జోరుగా విదిలించింది.

నీలం పొడి లేచింది. గుడ్డ మీద గీతలు గీసే సుద్ద అది. మాస్టరు జేబులో ఎప్పుడూ ఉండేదే. శాలువా మడతలోంచి అది పిండిలా రాలి బల్లంతా పరుచుకుంది. దాని వెనకే మెత్తటిది ఏదో జారి, ఆ పొడి మీద పడింది.

చిన్న మేజోడు. అరచేయంత కూడా లేదు. మడమ దగ్గర చిరిగితే బూడిదరంగు దారంతో రఫ్ఫు చేసి ఉంది.

 ఆట మొదలైనప్పటి నుంచి చివరిదాకా ఆమె చూసింది మాస్టరునే, రాలిందీ ఆయనదే. అందులో వింతేముంది?

కాజాలక్క వంగి చూసింది. ఆ దారం షెడ్డు దారమే. ఆ కుట్టు మాస్టరు చేతి కుట్టే. ముడి పైకి తేలకుండా లోపలికి దాచడం ఆయనొక్కరికే అలవాటు. చిన్నపాదానికి ఒత్తుకోకూడదని ఎంత మెల్లగా, ఎంత దగ్గర దగ్గరగా కుట్టాడో చూస్తే తెలుస్తోంది. నిన్నటి నుంచి నోట్లో నానుతున్న మాటలు ఆమెకి ఒక్కటీ బయటికి రాలేదు.

మాస్టరు ఆ మేజోడు అందుకుని, సుద్ద దులిపి, గుప్పెట్లో పెట్టుకున్నాడు.

"మా పాపది," అన్నాడు. "వాళ్ళమ్మ పోయింది. అప్పటికి దానికి నడక కూడా రాలేదు. ఇప్పుడు పాపకి సినిమాలంటే పిచ్చి. పగలంతా నిలబడి కత్తిరించి వెళ్తాను కదా, అక్కడ కూర్చోగానే నాకు కళ్ళు మూతలు పడతాయి. అది నా భుజం మీద తల పెట్టుకుని చూస్తుంది. ఇంటికి నడిచేటప్పుడు కథంతా చెబుతుంది. అదే మీకు చెప్పేవాణ్ణి. నిన్న పక్కింటివాళ్ళ దగ్గర వదిలొచ్చాను, మనసంతా అక్కడే."

"గుర్రం ఇంటికొచ్చిందని చెప్పింది పాపేనా?" అంది పిన్ని మెల్లగా.

"అవునండీ."

చెల్లెలు అప్పటిదాకా కదల్లేదు. "ఒంటరిగా ఉంటానన్నారు నాతో."

"ఇంతకుముందు రెండు సంబంధాల వాళ్ళకి చెప్పాను. పిల్ల ఉందనగానే లేచి వెళ్ళిపోయారు. అందుకని..."

"వాళ్ళకి నిజం చెప్పి, నాకు దాచారా? వాళ్ళకంటే నన్ను తక్కువ కట్టారన్నమాట."

  కష్టంలో ఆడినా అబద్ధం అబద్ధమే. చెల్లెలు డబ్బా మూసి, మిషను దగ్గరికి వెళ్ళి కూర్చుంది. బెల్లు మోగకముందే కుట్టడం మొదలుపెట్టింది. ఆ కాలర్లు ఆ పూట అన్నీ వంకరగానే వచ్చాయి.

ఇప్పుడు కాజాలక్క ఒక్క మాట అంటే చాలు, ఆ సంబంధం అక్కడికి సరి. చెప్పానా లేదా అనొచ్చు. ఆమె అనుమానం నిజమైంది. పక్కన ఇంకో తల ఉందన్నది, ఉంది. కానీ తాను ఊహించిన తల వేరు, మేజోడు తొడుక్కునే ఈ తల్లిలేని పిల్ల వేరు. అనుమానం దొంగని పట్టిస్తుందే కానీ, వాడేం దాచుకున్నాడో, ఎందుకు దాచుకున్నాడో చెప్పదు. అందుకు వేరే చూపు కావాలి.

సాయంత్రం మాస్టరు గేటు దాటబోతుంటే ఆమె వెనకనుంచి పిలిచింది.

"మాట తీసుకోవడానికి ఇవాళ మా ఇంటికి రావద్దు. ఇవ్వను. వచ్చే శనివారం మొదటి ఆటకి రండి. పాపతో రండి. మళ్ళీ ఆ వాన సినిమాకే."

మిషను మీద గుడ్డ కప్పుతున్న చెల్లెలి చెయ్యి ఆగింది. వద్దనలేదు.

*

ఆ శనివారం నలుగురూ ఒకే వరసలో కూర్చున్నారు. పాప కాసేపు నాన్న భుజం మీద ఒరిగింది. పడవ బోల్తా పడేటప్పుడు భయమేసి, ఇటు తిరిగి చెల్లెలి చెయ్యి పట్టుకుంది. చెల్లెలు వదిలించుకోలేదు. కాజాలక్క ఇదంతా ఓరకంట చూసింది. ఆ తర్వాత తెర మీద, నీళ్ళ మధ్య ఇంటికప్పు మీద నిలబడి ఒకావిడ తన చెల్లెల్ని పేరుపెట్టి అరుస్తోంది. ఎవరూ పలకడం లేదు. కాజాలక్క ముందుకి వంగి, ఎదుటి సీటు పట్టుకుంది.

ఆట వదిలాక జనంతోపాటు బయటికొచ్చారు. వీధి దీపాలు వెలుగుతున్నాయి, నేల పొడిగా ఉంది. మాస్టరు ముందు నడుస్తున్నాడు. కాజాలక్క అలవాటుకొద్దీ ఆయన వీపు వైపు చూసింది. ఎడమ భుజం తడిసింది. కుడి భుజమూ చూసింది. అదీ తడిసే ఉంది, చేతి అంచు దాకా. ఆయన పక్కన చెల్లెలు జడ పిండుకుంటోంది. వాళ్ళిద్దరూ ఏమీ మాట్లాడుకోవడం లేదు కానీ, నడక మాత్రం ఒకటిగా పడుతోంది.

వేళ్ళకి ఏదో చల్లగా తగిలింది. పాప ఆమె శాలువా అంచు పట్టుకుని రెండు చేతులా పిండుతోంది. నీళ్ళు బొటబొటా రాలి పేవుమెంటు మీద మడుగు కట్టాయి.

"పెద్దమ్మా, నువ్వే అందరికంటే ఎక్కువ తడిశావు," అంది పాప.

చెల్లెలు వెనక్కి తిరిగి, ఊపిరి బిగబట్టి అక్క వైపు చూసింది.

ఇంకా కాలేదు అని కాజాలక్క అనలేదు. శాలువా రెండో అంచు కూడా పాప చేతికిచ్చింది.

"ఇదీ పిండమ్మా," అంది. "గట్టిగా."