బాయి దిగని పుస్తకం

లాంప్ రూములో టోపీదీపం తీసుకుని సదానందం తనిఖీ గది ముందు వరుసలో నిలబడ్డాడు. టిఫిను సంచిలో జొన్నరొట్టెల మీద తువ్వాలు, అందులో చుట్టిన కొత్త ఈ-రీడరు. బొగ్గు పట్టి కనురెప్పలు కాటుక పెట్టినట్టుండే ఆ పొట్టి మనిషి, ఇవాళ పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు.

బాయి అని వాళ్లు పిలిచే గని అడుగున ఒంటరిగా నీటిపంపు కాసే పని అతనిది. షిఫ్టంతా పంపు రొద తప్ప పలకరించే దిక్కుండదు. ఇన్నేళ్లూ అతని నిద్రను ఆపింది కథల పుస్తకాలే. అక్కడి చెమ్మకు చీకిపోయిన పుస్తకాలు చూసి లైబ్రరీవాళ్లు ఇవ్వడం మానేస్తే, కొనుక్కుని చదివాడు. ఈ-రీడరులోనైతే పాత కథలు ఉచితం, కొత్తవి చవక, చీకిపోవడమన్నది లేదు. ఏడాదిలో ఖర్చు తిరిగొస్తుందని భార్య అనసూర్యను ఒప్పించి, చాలని డబ్బుకు ఇంట్లో పుస్తకాలన్నీ తూకానికి అమ్మేశాడు.

తనిఖీ చేసే ఎల్లన్న తువ్వాలు విప్పాడు. గ్యాసుండే గనిలోకి అగ్గిపెట్టె, ఫోను పోకూడదని సదానందానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ అతను కొన్నది పుస్తకం. పుస్తకాన్ని ఎవరాపుతారనుకున్నాడు, వెర్రిబాగులవాడు.

"బ్యాటరీ ఉన్నదా లేదా కాకా?"

"ఉన్నది గానీ, పుస్తకమే గదరా, ఉత్త అచ్చరాలే."

"నా నౌకరి పోతది. నీ పానం గూడ పోతది. ఈడ పెట్టి పో, మల్ల తీస్కపోదువు."

రెంటికి చెడ్డ రేవడయ్యాడు సదానందం. ఏడుపొచ్చినంత పనైంది. దాన్ని బల్ల మీద పెట్టి దిగిపోయాడు.

పంపు దగ్గర పొద్దు గడవలేదు. రొట్టెలు తిన్నాడు. హెచ్చరిక బోర్డు చదివాడు, మళ్లీ చదివాడు. రోజూ పైకప్పుకు దుంగల ఆసరా ఉన్నచోట కూర్చుని చదువుకునేవాడు. ఇవాళ చేతిలో ఏమీ లేక, కాస్త ఎడంగా వెళ్లి బొగ్గుగోడకు చేరగిలబడ్డాడు. కళ్లు మూతపడ్డాయి. బొగ్గు కూలే ముందు గోడ పైనుంచి పొడి రాలడం మొదలైతే మెలకువగా ఉన్న మనిషి లేచి దూరం జరుగుతాడు. అతను నిద్రలో ఉన్నాడు.

రెండో షిఫ్టువాళ్లు అతని శవాన్ని స్ట్రెచరు మీద పైకి తెచ్చారు. ఎల్లన్న ఈ-రీడరును గని దగ్గరికి పరుగెత్తుకొచ్చిన అనసూర్యకు ఇవ్వబోయాడు.

"నేనేం జేసుకోను బిడ్డా," అందామె, "నాకు సదువు రాదు."

తనిఖీ గది బల్ల మీద, పట్టుబడ్డ బీడీకట్టల పక్కన, అది అలాగే ఉండిపోయింది. తెర మీది పల్చటి ప్లాస్టిక్ పొర ఇంకా ఒలవలేదు.