ఫ్రిజ్ మీది డ్యూటీ చార్టు

అక్క నోట్లో నువ్వుగింజ నానదని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆమె టైలరు. ఒకామె నడుము కొలత ఇస్తూ కబురు చెబితే, తర్వాతి ఆమె మెడ కొలత ఇచ్చేలోగా అది చేతులు మారేది. చెడ్డ మనిషి కాదు. మాట కడుపులో దాచుకుంటే ఆమెకు అన్నం అరగదు, అంతే.

ఆమె చెల్లెలు సిటీ బస్సు నడిపేది. అమ్మానాన్నలు పోయాక అక్కే సాకిన పిల్ల. సూదిలో దారం ఎక్కించమంటే ఏడుపు ముఖం పెట్టేది గాని, అంత పొడుగు బస్సును ఇరుకు మలుపులో గోడకు గీత పడకుండా తిప్పేది. ప్రతి శనివారం డిపోలో వారం డ్యూటీ చార్టు ఇచ్చేవారు. ఏ రోజు ఏ రూటు, ఏ స్టాపులో ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ఉండాలో అన్నీ అందులో ఉంటాయి. అక్క వంట వేళ చూసుకుంటుందని చెల్లెలు దాన్ని ఫ్రిజ్ మీద అంటించేది.

ఒక వాన రోజు చివరి స్టాపులో చెల్లెలు టీ కోసం దిగబోతుంటే ఒకతను గొడుగు పట్టాడు. కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగించేవాడు. మర్నాడు వాన లేదు. అయినా గొడుగుతో వచ్చి, "ఎండకి" అన్నాడు. ఆ ఒక్క మాటకు చెల్లెలు మనసు పారేసుకుంది. ఇంటికొచ్చి చెబితే అక్క ఆమె కన్నా ఎక్కువగా పారేసుకుంది. అతనికి ఇద్దరూ కలిసి గొడుగు అని పేరు పెట్టారు.

సెలవు వస్తే గొడుగు డ్రైవరు వెనక సీట్లో కూర్చుని మొదటి స్టాపు నుంచి చివరి స్టాపుకూ, మళ్లీ వెనక్కీ తిరిగేవాడు. డిపోలో అందరూ ఆటపట్టించేవారు. అక్క ఈ సంగతి కొలతలకు వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది. పాపం, ఆమె ముచ్చటకూ కారణం ఉంది. విడిపోయిన ఆమె మొగుడు, ఆమెకు జ్వరమొస్తే థర్మామీటరు ఎక్కడుందో ఆమెనే అడిగిన రకం.

ఒక రోజు గొడుగు ఫోన్ చేశాడు. "అక్కా, తను ఎప్పుడు ఎక్కడుంటుందో తెలిస్తే వేళకి భోజనం అందిస్తాను. తననడిగితే మొహమాటపడుతుంది."

అడిగిందే తడవుగా అక్క చార్టు ఫొటో తీసి పంపింది. ఆ పైన ప్రతి శనివారం అడక్కుండానే పంపింది.

భోజనం నెల రోజులు వచ్చింది. తర్వాత చెల్లెలికి ఫోన్లు మొదలయ్యాయి. వంతెన దగ్గర నాలుగు నిమిషాలు ఎందుకు ఆగావు, టీ తాగేటప్పుడు పక్కన ఎవరున్నారు, ఎందుకు నవ్వావు.

"నేనెక్కడున్నానో నాకన్నా ముందు అతనికి తెలుస్తోందక్కా," అంది చెల్లెలు.

"అరచేతిలో పెట్టుకుని చూసుకునేవాడు దొరికితే బరువుగా ఉందా నీకు? మీ బావలాంటి వాడు దొరకాల్సింది, తెలిసొచ్చేది," అని అక్క నవ్వేసింది. చార్టు ఎలా చేరుతోందో మాత్రం చెప్పలేదు. దాచాలని కాదు, అది చెప్పాల్సిన సంగతని తోచలేదు.

ఇంకో రోజు గొడుగు, చెల్లెలి యూనిఫాం చొక్కా కొంచెం వదులు చెయ్యమని అక్కను అడిగాడు. "వెనకే కూర్చుంటాను కదక్కా, ఎక్కేవాళ్ల చూపులు నాకు తెలుస్తాయి." ఆ చొక్కా సరిగ్గానే ఉందని కుట్టిన చేతులకు తెలుసు. ఆ చేతులే కుట్లు విప్పాయి. పొద్దున చెల్లెలు అద్దం ముందు చాలాసేపు నిలబడి, గుండీలు పెట్టుకుని వెళ్లిపోయింది. అక్కకు ఆ పూట ముద్ద దిగలేదు. ఎందుకో మాత్రం ఆమె తనను తాను ప్రశ్నించుకోలేదు.

ఒక ఆదివారం చెల్లెలు వంటింట్లోకి వచ్చి మెల్లగా చెప్పింది. "అతనితో తెంచేసుకున్నానక్కా. నా రూటు వేరేవాళ్లతో మార్చుకున్నాను. ఈసారి చార్టు ఫ్రిజ్ మీద పెట్టను. ఆస్పత్రి రూటని నీకొక్కదానికే చెబుతున్నా. ఎవరికీ చెప్పకు."

"నేనెందుకు చెబుతానే?" అంది అక్క. ఆ క్షణాన నిజంగానే అంది.

ఆ మాట ఆమె నోట్లో రోజున్నర ఆగింది. గొడుగు అక్క షాపుకొచ్చి కొలతల స్టూలు మీద కూలబడి, అందరి ముందూ ఏడ్చాడు. తిండి సయించట్లేదన్నాడు. ఒక్కసారి మాట్లాడితే చాలన్నాడు. మగవాడు తన చెల్లెలి కోసం అలా ఏడవడం చూసి అక్క గుండె కరిగి నీరైంది. ఆస్పత్రి రూటని చెప్పేసింది.

మర్నాడు ఆస్పత్రి మలుపులో అతను బస్సుకు అడ్డంగా నిలబడ్డాడు. చెల్లెలు బ్రేకు తొక్కిన తొక్కుకు లోపల ఒక పెద్దావిడ పడి నుదురు చిట్లింది. ఏడేళ్లలో ఆమె బస్సులో ఎవరికైనా దెబ్బ తగలడం అదే మొదలు. రక్తం చూసి కూడా అతను, "నేను చచ్చినా ఫరవాలేదు, నువ్వు మాట్లాడు చాలు," అన్నాడట. పోలీసులు మందలించి పంపేశారు.

సాయంత్రం చెల్లెలు ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అడిగింది. "అతనికి ఎవరు చెప్పారు?"

జీవితంలో మొదటిసారి అక్క నోట మాట రాలేదు. అదే జవాబైంది.

"శనివారాలు కూడా నువ్వేనా?"

అక్క తలూపింది. చెల్లెలు గిన్నె మూత తీసి చూసి, మళ్లీ మూసి, గదిలోకి వెళ్లింది. అరిస్తే బాగుండుననిపించింది అక్కకు.

మూడు వారాల తర్వాత ఒక శనివారం, అక్క షాపు మూసి వచ్చేసరికి బీరువాలో చెల్లెలి అర ఖాళీగా ఉంది. ఫ్రిజ్ మీద చార్టు ఉండే చోట ఒక కాగితం. "వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. నీ మీద కోపం లేదు. నీకు తెలిస్తే అతనికి తెలుస్తుంది. అందుకే చెప్పలేదు." వదులు చేసిన చొక్కా మడతపెట్టి ఇంట్లోని కుట్టుమిషను మీద ఉంది. అక్క ఆ చొక్కాను ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

సోమవారం గొడుగు వచ్చాడు. "ఎక్కడుందక్కా?"

"తెలీదు."

"మీకు చెప్పకుండా వెళ్తుందా?"

"వెళ్లింది. నీకు చెబుతానని," అంది అక్క. "ఇంకెప్పుడూ ఈ షాపు మెట్టెక్కకు."

అతను నమ్మలేదు. చాలా రోజులు ఎదురు పేవ్‌మెంట్ మీద నిలబడ్డాడు.

రెండు నెలలకు ఒక మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. వెనక ఇంజను చప్పుడు.

"బాగున్నానక్కా. బస్సే నడుపుతున్నా."

"తింటున్నావా?"

"ఆఁ."

"యూనిఫాం ఎవరు కుట్టారు?"

"ఇక్కడొకామె ఉంది. బాగానే కుట్టింది."

ఏ ఊరే అన్న మాట అక్క నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా అటువైపు చెల్లెలే మెల్లగా, "అక్కా, నేనుండేది..." అని మొదలుపెట్టింది.

"వద్దమ్మా," అంది అక్క. "నాకు చెప్పకు."