కడిగిన షార్పనర్లు

"ఏమోయ్, ఆ ఇస్త్రీ ఆపి ఇలా రా. నీకోటి చూపించాలి!"

హాల్లోంచి కేక వినబడేసరికి ఆమె చొక్కా కాలరు దగ్గరుంది. సగంలో వదిలేస్తే కాలరు ముడత అలాగే ఉండిపోతుంది. రేపు పొద్దున అద్దం ముందు నిలబడి "ఇంట్లో కూర్చునేదానివి, ఈమాత్రం కూడా చూసుకోలేవా" అంటాడు. పోనీ పూర్తిచేసి వెళ్తే పిలిచినప్పుడు పలకలేదంటాడు. ఏం చేసినా మాట పడక తప్పనప్పుడు పని పూర్తిచేసి పడటమే మేలని ఆమె ఎప్పుడో తేల్చుకుంది. కాలరు అదిమి, ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపి వెళ్ళింది.

సోఫాకి ఆనించి కిటికీ రెక్కంత అద్దాల పెట్టె ఒకటి ఉంది. లోపల నీలం మఖమలు గుడ్డ మీద, వరసలు తీర్చి, ఆమె పెన్సిల్ షార్పనర్లు. భూగోళం, కుట్టుమిషను, చేప, బుల్లి టెలిఫోను, నాన్న కొనిచ్చిన ఎర్ర ప్లాస్టిక్‌ది, ఇత్తడిది. అన్నీ తళతళలాడుతున్నాయి. పక్కన ఆయన, పెళ్ళిచూపుల్లో నిలబడ్డట్టు నవ్వుతూ.

"ఎలా ఉంది? రెండ్రోజులు సెలవు పెట్టి మరీ తిరిగాను. బూట్ల డబ్బాలో మగ్గిపోతున్నాయి పాపం. మా మేనేజరు గారింట్లో పాత గడియారాలుంటాయి, ఎవరెళ్ళినా ముందు అవే చూస్తారు. రాత్రి వాళ్ళిద్దరూ భోజనానికొస్తున్నారుగా. మనింట్లో కూడా చూపించడానికి ఏదో ఒకటి ఉండొద్దూ?"

"మా వాడికి నీ మీద ఎంత ప్రేమో చూడు" అంది అత్తగారు కుర్చీలోంచి. "ఇంకో మొగుడైతే ఎప్పుడో చెత్తబుట్టలో పోసేవాడు."

ఆమె దగ్గరికి వెళ్ళి చూసింది. ముందు భూగోళాన్ని, తర్వాత చేపని, ఆ తర్వాత ఒక్కొక్కదాన్నీ వంగి చూసింది.

"లోపల పొట్టు ఉండాలి" అంది.

"పొట్టా? అదా! డబ్బాడు చెత్తోయ్, ఫ్రేములవాడు నవ్వాడు. సబ్బునీళ్ళలో నానబెట్టి కడిగించాను. బ్లేడ్లు కూడా తీయించేశాను, తుప్పు పడితే గుడ్డ పాడవుతుందిట. గమ్ము పెట్టి అంటించాడు, జన్మలో ఊడిరావు."

పోగుచేసేవాళ్ళలో చాలామంది ఆకారాలు చూసి పోగుచేస్తారు. ఆమెకు ఆకారాలతో పని లేదు. ఏ షార్పనర్లో చివరగా చెక్కిన పెన్సిల్ పొట్టు ఆ షార్పనర్లోనే ఉండాలి, దాన్ని దులపకూడదు. అదొక్కటే ఆమె పెట్టుకున్న నియమం. భూగోళం బడిలో పక్కన కూర్చునే స్నేహితురాలిది, రెండు రిబ్బన్లిచ్చి మార్చుకుంది. ఆ ఏడాదే ఆ పిల్ల జ్వరంతో పోయింది. ఊదారంగు అంచున్న ఆ పొట్టు తప్ప ఆ పిల్లదంటూ ఎవరి దగ్గరా ఏమీ మిగిలినట్టు లేదు. చేప కూతురిది. ఒకటో తరగతిలో పెన్సిల్ రెండు వైపులా చెక్కి, ఎటు పట్టుకోవాలో తెలియక ఏడ్చినప్పటిది. ఎప్పుడైనా మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక ఆమె డబ్బా మూత తీసి, ఒకటి ముక్కు దగ్గర పెట్టుకునేది. చెక్క వాసన, కాస్త మసి వాసన. అంతే, ఆ కాసేపూ ఆమె ఎవరికీ ఏమీ కాదు. "నశ్యం పీల్చినట్టు ఆ పీల్చుడేంటే?" అనేది అత్తగారు. "ఈ వయసులో పలకా బలపం ఆటలు" అనేవాడు ఆయన. ఆడపడుచైతే వచ్చినప్పుడల్లా "వదినా, ఈసారి ఎవరి పొట్టు కొట్టేశావు?" అని నవ్వేది. ఆమె కూడా నవ్వేది. నవ్వితే తొందరగా వదిలేస్తారు.

వరస చివర పెద్దదొకటి ఉంది, బల్లకి బిగించి పిడి తిప్పేది. పెళ్ళికి ముందూ, తర్వాత కొన్నేళ్ళూ ఆమె ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేసింది. గీతలు ఆమెవి, కింద సంతకం ఇంజనీరుది. ఉద్యోగమన్నాక మామూలే అనుకునేది. కానీ ఆ గదిలో ఆడమనిషి తనొక్కతే కాబట్టి అందరి పెన్సిళ్ళూ చెక్కే పని కూడా ఆమె నెత్తినే పడింది. "నువ్వు చెక్కితే ముల్లు సూదిలా వస్తుందమ్మా" అని మెచ్చుకుని మరీ చెక్కించుకునేవారు. అత్తగారు కాలు విరిగి మంచాన పడ్డప్పుడు "ఎవరో ఒకరు ఉద్యోగం మానాలిగా" అన్నాడు ఆయన. ఎవరో ఒకరంటే ఎవరో ఆ ఇంట్లో గోడలకు కూడా తెలుసు. చివరి రోజు ఒక బడికి మెట్లు గీసి, ఆ షార్పనర్ అడిగి తెచ్చుకుంది. దాని సొరుగులో ఆ మెట్లు గీసిన పెన్సిల్ పొట్టు ఉండేది. ఇప్పుడు సొరుగు ఖాళీ. పిడి కూడా లేదు.

"పిడి అడ్డొచ్చి అద్దం మూతపడలేదోయ్, కోయించేశాను" అన్నాడు ఆయన. "ఏంటలా ఉన్నావ్? ఓ థాంక్స్ అయినా చెప్పవా?"

"థాంక్స్" అంది ఆమె.

వంటింట్లోకి వచ్చి రాత్రి భోజనాలకి ఉల్లిపాయలు ముందేసుకుంది. కళ్ళు తుడుచుకున్నా ఎవరూ అడగని పని అదొక్కటే. తెలియక చేశాడు అనుకోబోయింది. తెలియక చేశాడనుకుంటే బతుకు ఎంతో తేలిక, ఇన్నేళ్ళూ ఆ మాటతోనే నెట్టుకొచ్చింది. కానీ కొత్త కాపురంలో ఒక ఆదివారం, బయట వాన పడుతుంటే, డబ్బా మంచం మీద పెట్టి ఒక్కొక్కటీ తీసి ఆయనకు చెప్పింది. ఇది నాన్నది, ఇది చచ్చిపోయిన పిల్లది, పొట్టు దులపకూడదు అని. అంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆయన ఆమె ఒళ్ళో తల పెట్టుకుని విన్నాడు. భూగోళాన్ని వాసన కూడా చూశాడు. "పిచ్చిదానా" అని బుగ్గ గిల్లాడు. ఆ ఒక్క మధ్యాహ్నాన్ని చూసుకునే ఆమె తర్వాత ఎన్నో మాటలు మింగింది, ఎప్పుడో ఒకప్పుడు ఈ మనిషి తన మాట విన్నాడు కదా అని. ఇప్పుడు తెలిసింది, వినలేదు. ముచ్చటపడ్డాడు, అంతే. మరి తెలిసి చేశాడా అంటే అదీ కాదు. తెలిసి చేసుంటే కనీసం తిట్టుకోవచ్చు. ప్రేమగా చేసిన పనికి ఏమని పోట్లాడాలి? పొట్టు కోసం ఏడుస్తోందంటే వినేవాళ్ళెవరు? కూతురికి ఫోన్ చేద్దామనుకుంది. "పోనీలే అమ్మా, నాన్న ఎంతో ఇష్టంగా చేయించారు కదా" అంటుందని ముందే వినబడి, ఫోన్ పక్కన పెట్టేసింది.

రాత్రి మేనేజరూ, భార్యా వచ్చారు. అద్దాల పెట్టె గోడకెక్కింది, దాని మీదికి ప్రత్యేకంగా ఒక దీపం. వంటల గురించి ఎవరూ ఏమీ అనలేదు గానీ, పెట్టె ముందు అందరూ నిలబడ్డారు.

"మనవి కూడా చూపించుకోవాలండీ, దాచుకుంటే ఏం లాభం" అని మేనేజరు ఆయన భుజం తట్టాడు. "ఇంట్లో ఆడవాళ్ళ సరదాని ఇంతలా చూసుకునేవాళ్ళు ఎంతమంది?"

ఆయన ఏది ఎక్కడిదో చెప్పుకుపోతున్నాడు. భూగోళం విదేశాల నుంచి తెప్పించినదట. పిడి లేని షార్పనర్ ఒక పాత బంగళాలో దొరికిందట. ఆమె నీళ్ళ గ్లాసులు పట్టుకుని వెనక నిలబడి వింది. చెప్పేకొద్దీ అవి నిజంగానే ఎవరివో అయిపోతున్నాయి.

మేనేజరు భార్య మంచి మనిషి. వెనక్కి తిరిగి, ఆమె చేతిలోంచి గ్లాసు అందుకుంటూ అడిగింది.

"అన్నీ ఆయనే చెప్తున్నారు. మీరు చెప్పండి, వీటిల్లో మీకు ప్రాణమైనదేది?"

ఆ ఇంట్లో ఆమెను ఇలాంటిది అడిగినవాళ్ళు లేరు. ఆమె పెట్టె వంక చూసింది. ఏదో ఒకటి చూపించేస్తే అయిపోయేది, వేలు కూడా కాస్త లేచింది. మళ్ళీ దించేసింది.

"నావి కావండీ" అంది. "ఆయనవే."

ఆయన మొహం వెలిగిపోయింది. అందరి ముందూ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, "చూశారా సార్, మా ఆవిడ ఎప్పుడూ ఇంతే" అన్నాడు మురిసిపోతూ.