మామాకి సైకిలు నేర్పడం

మునీరా అబద్ధం ఆడింది. యాభై ఎనిమిదేళ్ల వయసులో, ముగ్గురు స్నేహితురాళ్ల ముందు కూర్చుని టీ తాగుతూ, తనకి సైకిలు తొక్కడం వచ్చని చెప్పేసింది.

ఆ ముగ్గురూ ఆమెతోపాటు ఒకే బడిలో పాఠాలు చెప్పి, ఒకే ఏడు రిటైరైన టీచర్లు. వచ్చే మే నెలలో స్పెయిన్ వెళ్దామనుకున్నారు. అక్కడ పల్లెల మీదుగా ఒకప్పుడు రైళ్లు నడిచిన దారులున్నాయట. రైళ్లు ఆగిపోయాక పట్టాలు పీకేసి, సన్న కంకర పరిచి, నడిచేవాళ్లకీ సైకిళ్లవాళ్లకీ వదిలేశారట. కార్లు రావు, లారీలు రావు. ఆలివ్ తోటల్లోంచి, పాత సొరంగాల్లోంచి, నాలుగు రోజుల్లో నూటఇరవై కిలోమీటర్లు.

"నీకు తొక్కడం వచ్చు కదా?" అన్నారు. మునీరా వచ్చు అంది.

టీ గ్లాసులు తీస్తున్న పాపాయమ్మ ఆ మాట వింది. కువైట్‌లో, సబా అల్ సలేంలోని ఆ ఇంట్లో ఆమె తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. అక్కడ పనివాళ్లు ఇంటావిడని మామా అనీ, మగవాళ్లని బాబా అనీ పిలుస్తారు. మామా గురించి ఆమెకి తెలియని సంగతులు తక్కువ.

మర్నాడు పొద్దున మామా వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"పాపా, నీకు సైకిలొచ్చా?"

"వచ్చు మామా."

"ఎంత బాగా?"

దానికి అరబ్బీలో జవాబు చెప్పడం పాపాయమ్మకి చేతకాలేదు. ముమ్మిడివరం దగ్గర తన ఊళ్లో, పదేళ్లప్పుడు తండ్రి సైకిలు సీటు అందక, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కేది. పెళ్లయ్యాక రొయ్యల షెడ్డులో పనికి రోజూ ఏడు కిలోమీటర్లు పుంతలో పడి పోయేది. పుంతంటే చేల మధ్య ఎడ్లబండ్లు నడిచే దారి. వానల్లో బురద, ఎండల్లో గులకరాళ్లు. వెనక క్యారియర్ మీద కొడుకు, ముందు హ్యాండిల్‌కి అన్నం క్యారేజీ.

"బాగానే," అంది.

"అయితే నాకు నేర్పు. ఎవరికీ చెప్పకు. బదర్‌కి అసలే చెప్పకు."

బదర్ మామా పెద్దకొడుకు. వేరే ఇంట్లో ఉంటాడు. తల్లి మేడమెట్లు ఎక్కినా కోప్పడే మనిషి.

డ్రైవరు అబ్దుల్ ఖుద్దూస్ అల్ రాయ్ బజారుకి వెళ్లి ఒక సైకిలు కొనుక్కొచ్చాడు. అతనిది రాయచోటి. దాన్ని గోడకి ఆనించి, పాపాయమ్మతో మెల్లగా అన్నాడు.

"ఏందక్కా ఇది? మామా పడి కాలిరిగితే ఎవుర్నంటారు? మనల్నే గదా."

"పడకుండానే నేర్పుతాలే అన్నా. ముందు ఆ పెడళ్లు రెండూ ఊడదీసి ఇయ్యి."

పెడళ్లు లేని సైకిలు మీద మామా మూడు వారాలు పెరట్లో కాళ్లతో నేలని తన్నుకుంటూ తిరిగింది. జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషి కదా, పాఠం వినడం ఆమెకి కష్టమైంది. ప్రతిదానికీ ఎందుకని అడిగేది. చక్రం వంక చూడొద్దు, దూరంగా చూడమంటే, దూరంగా చూస్తే ముందున్న రాయి ఎలా కనిపిస్తుందని వాదించేది. ఒకసారి ఖర్జూరం చెట్టుకి గుద్దుకుని, చెట్టు అక్కడ ఎందుకుందని కూడా అడిగింది.

పెడళ్లు బిగించాక పెరడు చాలలేదు. మామా తమ్ముడికి వఫ్రాలో టమాటా తోట ఉంది. తోట చుట్టూ కంకర దారి, గేటు వేస్తే ఇంకో బండి రాదు. శుక్రవారం పొద్దున్నే ఖుద్దూస్ ఇద్దర్నీ అక్కడ దింపేవాడు. డిసెంబరు చలిలో ముందు మామా, వెనక తోటపనివాడి సైకిలు మీద పాపాయమ్మ. కంకరలో బ్రేకు గట్టిగా పట్టుకుంటే చక్రం జారుతుందనీ, మలుపులో తొక్కడం ఆపాలనీ పాపాయమ్మ కేకలేసి చెప్పేది. ఆ ఇంట్లో చేరాక ఆమె గొంతు పెంచి మాట్లాడింది అదే మొదలు. ఫిబ్రవరికి మామా ఆగకుండా పదిహేను కిలోమీటర్లు తొక్కింది.

ఆ రోజు నీళ్ల ట్యాంకు నీడలో కూర్చున్నప్పుడు మామా అంది, "నువ్వూ రా. సొరంగాలంటే నాకు భయం. నువ్వు వెనక ఉంటే తొక్కగలను."

పాపాయమ్మ వస్తానంది. స్పెయిన్ మీద ఆమెకి ప్రత్యేకంగా ఆశేమీ లేదు. కానీ బండ్లు రాని దారిలో, నెత్తిన ఏ పనీ లేకుండా నాలుగు రోజులు సైకిలు తొక్కడమన్నది ఆమెకి నచ్చింది.

వీసాకి పాస్‌పోర్టు కావాలి. మామా బీరువా తెరిచి, ఇంటి కాగితాల అడుగు నుంచి దాన్ని తీసింది. పాపాయమ్మ కువైట్‌లో దిగిన రోజున తీసుకున్నది, మధ్యలో రెండుసార్లు సెలవుకి ఊరెళ్లినప్పుడు, ఒకసారి రెన్యువల్‌కి తప్ప బయటికి రాలేదు.

వీసా రాలేదు. వచ్చినామె తిరిగి వెళ్తుందన్న నమ్మకం కలగలేదని కాగితంలో రాశారు. మామాకి అప్పటికే వీసా వచ్చేసింది కాబట్టి ఆ రోజు వీసా ఆఫీసుకి పాపాయమ్మ, ఖుద్దూస్ మాత్రమే వెళ్లారు. కౌంటర్లో ఉన్నమ్మాయి సంతకం పెట్టించుకుని కవరు పాపాయమ్మ చేతికే ఇచ్చింది.

కారులో పాపాయమ్మ కవరు చించి పాస్‌పోర్టు బయటికి తీసింది. పేజీలన్నీ ఒక్కొక్కటే తిప్పింది. తర్వాత దాన్ని జాకెట్లో పెట్టుకుంది.

అద్దంలో చూస్తున్న ఖుద్దూస్ అడిగాడు. "ఇంటికి పోతానే మామాకి ఇచ్చేస్తావు గదా?"

"ఏమో అన్నా."

"వాళ్లు పెట్టుకోగూడదనే చట్టముండాది. కానీ చట్టం మాట నువ్వెత్తితే ఇంట్లో పొయ్యి వేరే తీరుగా మండుతాది. చూసుకో మల్ల."

పాపాయమ్మకి భయం వేసింది. అయినా దారంతా చెయ్యి జాకెట్ మీద నుంచి తియ్యలేదు.

వీసా రాలేదని వినగానే మామా నిజంగానే బాధపడింది. కాగితం రెండుసార్లు చదివి, ఆ ఆఫీసుని తిట్టింది. తర్వాత చెయ్యి చాపి, "పుస్తకం ఇలా ఇవ్వు, లోపల పెడతాను," అంది.

"నా దగ్గరుంచుకుంటాను మామా."

"పోగొట్టుకుంటావు."

"తొమ్మిదేళ్లు మీ దగ్గరుంది, పోలేదు. నా దగ్గరున్నా పోదు."

"నా మీద నమ్మకం లేదా నీకు?"

"ఉంది మామా. అయినా అది నాది."

మామా చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని గదిలోకి వెళ్లిపోయింది. నాలుగు రోజులు పనికి కావలసిన మాటలే నడిచాయి. ఆ శుక్రవారం వఫ్రా వెళ్లలేదు. పాపాయమ్మ సరిగా నిద్రపోలేదు. పంపించేస్తారేమో, ఊళ్లో కొడుకు చదువు ఇంకా ఏడాది ఉంది. ఇచ్చేద్దామని రెండుసార్లు మామా గది తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చింది.

ఐదో రోజున మామా వంటింటి గుమ్మంలో నిలబడి, "ముందు టైరులో గాలి లేదు," అంది.

పాపాయమ్మ చేతులు కడుక్కుని పంపు తెచ్చింది. పాస్‌పోర్టు మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

మే నెలలో మామా వెళ్లింది. రెండోరోజు సాయంత్రం బదర్ వచ్చాడు. తల్లి ఇంట్లో లేనప్పుడు పనిమనిషి పాస్‌పోర్టు పనిమనిషి దగ్గరే ఉండడం ఏమిటన్నాడు. ఈ సంగతి అతనికి ఎలా తెలిసిందో పాపాయమ్మకి తెలియదు.

"తెచ్చివ్వు."

"మామాతో మాట్లాడండి బాబా."

అతను అక్కడే ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. అటువైపు గాలి హోరు, ఆడవాళ్ల నవ్వులు.

"అమ్మా, ఈమె పాస్‌పోర్టు ఇవ్వనంటోంది."

"ఎవరి పాస్‌పోర్టు?"

"ఆమెదే, కానీ—"

"ఆమెదయితే నీకెందుకు? నేను సొరంగం ముందు నిలబడి ఉన్నాను బదర్. ఖలాస్. ఫోన్ పెట్టెయ్." వెంటనే మళ్లీ అంది, "పాపా, ఉన్నావా? లోపల చీకటిగా ఉంది. ఏం చెయ్యను?"

"దిగి నడవండి మామా. సిగ్గేం లేదు. లైటు వేసుకుని, సైకిలుకి ఎడమపక్కన నడవండి."

బదర్ ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మామా మోకాలికి కట్టుతో తిరిగొచ్చింది. మొదటి సొరంగం నడిచిందట, మిగతావి తొక్కిందట. మూడోరోజు పాత స్టేషనులో భోంచేస్తున్నప్పుడు స్నేహితురాళ్లకి నిజం ఒప్పుకుంది, ఎవరు నేర్పారో కూడా చెప్పింది. ఇప్పుడు వాళ్ల వదినలు ఇద్దరు నేర్చుకుంటామంటున్నారు.

"ఎండలు తగ్గాక శుక్రవారాలు వఫ్రా రమ్మన్నాను," అంది మామా.

"శుక్రవారం నాకు సెలవు మామా."

"ఎప్పటి నుంచి?"

"పనికి కుదిరినప్పుడు రాసిన కాగితంలో మొదటి నుంచీ ఉంది."

"శనివారం చెయ్యనా?" అంది మామా.

"శనివారం వస్తాను."

ఆ శుక్రవారం పాపాయమ్మ బస్సెక్కి రిగ్గై వెళ్లింది. తన ఊరి సుధారాణి అక్కడ ఒక గదిలో ఉంటోంది. ఎండు రొయ్యలేసి గోంగూర వండుకుని ఇద్దరూ తిన్నారు. స్పెయిన్ సంగతులు చెప్పమని సుధారాణి అడిగింది. మామా పంపిన వీడియోలు ఫోన్లో చూపించింది పాపాయమ్మ. తోటల మధ్య తెల్లటి కంకర దారి, దాని మీద వంకరటింకరగా మామా.

"పుంతలాగే ఉందే," అంది సుధారాణి.

"పుంతే. కాకపోతే బురదుండదు."

భోజనాలయ్యాక పాపాయమ్మ ఏసీ కింద చాప పరుచుకుని పడుకుంది. సాయంత్రం దాకా ఆమెని ఎవరూ లేపలేదు.